కుక్క కరిస్తే ‘పర్లేదండీ’ అనేయకండి

మొన్న సంక్రాంతికి అంబాజీపేట దగ్గరి మా ఊరు వెళ్లినప్పుడు, వరసకు నాకు బాబాయి అయ్యే పెద్దాయన ఒకరు అరుగు మీద కూర్చుని, పంచె మోకాలి దాకా లాక్కుని కుడి పిక్క చూపించారు. నాలుగు పళ్ల గాట్లు, వాటి మధ్య నుంచి వంకరగా పోయిన కుట్ల గీత కనిపించాయి. కిందటేడాది అక్టోబరులో కాలిఫోర్నియాలో కొడుకు ఇంట్లో ఉండగా, పొద్దున్నే నడకకు బయల్దేరితే పక్కింటి కుక్క గేటు తోసుకుని వచ్చి పట్టేసిందట. వాళ్లను ఏమైనా అడిగారా అని అడిగితే, “అడగడమేంటబ్బాయ్, పాపం ఆవిడే ఏడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చింది. పర్లేదమ్మా, నేనే దాన్ని కంగారు పెట్టానేమో అని మనవాడి చేత చెప్పించాను, ఆయ్” అన్నారు. ఆసుపత్రి బిల్లులో విజిటర్ ఇన్సూరెన్సు ఇచ్చింది పోగా మిగిలినదంతా కొడుకే కట్టుకున్నాడు.

నేను లాయరును కాను. 22 ఏళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటూ, మనవాళ్ల ఇళ్లలో ఇలాంటివి చూసిన అనుభవంతో మాత్రమే ఇది రాస్తున్నాను. పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులూ, కొత్తగా వెళ్లే కుర్రాళ్లూ తెలుసుకోవలసిన మొదటి సంగతి ఏమిటంటే, గోదావరి జిల్లాల్లో మర్యాదగా చెల్లే మాట అక్కడి బీమా కంపెనీ ఫైలులో తప్పు ఒప్పుకోలుగా నమోదు కావచ్చు.

కాలిఫోర్నియా సివిల్ కోడ్ 3342వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో గాని, చట్టబద్ధంగా అడుగు పెట్టిన ప్రైవేటు స్థలంలో గాని ఒక మనిషిని కుక్క కరిస్తే ఆ నష్టానికి యజమానే బాధ్యుడు. మా కుక్క ఇంతకు ముందు ఎవరినీ కరవలేదనీ, దాని స్వభావం ఇలాంటిదని మాకు తెలియదనీ అంటే చెల్లదు. న్యూజెర్సీ చట్టం కూడా దాదాపు ఇదే మాట చెబుతుంది. టెక్సస్‌లో మాత్రం దారి వేరు. ఆ కుక్క ప్రమాదకరమైనదని యజమానికి ముందే తెలుసనో, లేదా అతను నిర్లక్ష్యంగా వదిలేశాడనో మనమే చూపించాలి. కాబట్టి టెక్సస్‌లోని డల్లాస్‌లో ఉన్న స్నేహితుడి అనుభవం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్నవారికి పనికి రాదు.

ఆ ‘చట్టబద్ధంగా’ అన్న మాట దగ్గర మన పెద్దవాళ్ల కోసం కొంచెం ఆగాలి. కోనసీమలో తెల్లవారుజామున సజ్జ పట్టుకుని బయల్దేరి, ఎవరి ప్రహరీ మీది నుంచి నందివర్ధనం కొమ్మ వంగి ఉంటే దాన్ని వంచుకుని పూలు కోసుకోవడం తప్పు కాదు. ఇంటావిడ చూసినా “ఇంకో నాలుగు కోసుకోండి పిన్నిగారూ” అంటుంది. అమెరికాలో పూజ పూల కోసం అనుమతి లేకుండా పక్కవాళ్ల ఆవరణలో కాలు పెట్టి కుక్క చేత కరిపించుకుంటే, ఈ సెక్షన్ ఇచ్చే రక్షణ చాలావరకు చేజారిపోతుంది. అలాగే మన వీధికుక్క ఎదురైతే వంగి రాయి తీసినట్టు నటిస్తే అది తోక ముడుస్తుంది. అక్కడి పెంపుడు కుక్క ముందు అదే పని చేస్తే, మీరే రెచ్చగొట్టారని అవతలి పక్షం వాదిస్తుంది, మీ తప్పు ఎంత శాతమని తేలితే పరిహారంలో అంత తగ్గుతుంది.

మనవాళ్లు నోరు విప్పకపోవడానికి అసలు కారణం చట్టం తెలియకపోవడం కాదు, ఇరుగుపొరుగుతో గొడవ ఎందుకన్న మొహమాటం. నేను వెళ్లిన మొదటి ఏడాదే ఒక సహోద్యోగి ఇంట్లో కుక్క నా ముంజేయి పట్టుకుంది. చెయ్యి రుమాలుతో చుట్టుకుని, వాళ్లిచ్చిన కాఫీ తాగి, నవ్వుతూ ఇంటికి వచ్చాను. రాత్రికి చెయ్యి వాచి ఎమర్జెన్సీకి పరిగెత్తవలసి వచ్చింది, రెండు నెలల తర్వాత వచ్చిన బిల్లును వాయిదాల మీద కట్టుకున్నాను. చాలా కాలానికి ఆ సంగతి ఆయనకు తెలిసి నొచ్చుకున్నాడు: “ఇంటి బీమా కడుతున్నదే ఇలాంటి వాటి కోసం కదా, నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు. చాలామంది ఇంటి యజమానుల బీమాలోనూ, అద్దె ఇళ్లవారి బీమాలోనూ కుక్క కాటు బాధ్యత కలిసే ఉంటుంది, కొన్ని కంపెనీలు కొన్ని జాతుల కుక్కలను మినహాయించినప్పటికీ. 2023లో అమెరికా మొత్తం మీద కుక్కల వల్ల కలిగిన గాయాలకు బీమా కంపెనీలు చెల్లించినది 112 కోట్ల డాలర్లు; సగటున ఒక్కో క్లెయిముకు 58,545 డాలర్లు. ఈ సగటును పెద్ద కేసులు పైకి లాగుతాయి కనుక చిన్న గాటుకు అంత వస్తుందని ఆశ పడనక్కరలేదు గాని, ఆ డబ్బు మామూలుగా పొరుగావిడ పర్సులో నుంచి రాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

కరిచిన వెంటనే చేయవలసినది సబ్బుతో, ధారగా పారే నీటితో పావుగంట కడగడం. పసుపూ సున్నమూ పూయవద్దు. తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్లాలి, జంతువుల సంగతి చూసే స్థానిక విభాగమైన యానిమల్ కంట్రోల్‌కు చెప్పాలి. కుక్క ఎవరిదో తెలిస్తే దాన్ని పది రోజుల పాటు కనిపెట్టి చూస్తారు, అది ఆరోగ్యంగా ఉంటే రేబిస్ టీకా అవసరం పడకపోవచ్చు. కుక్క దొరకకపోయినా, కరిచింది గబ్బిలమో, రకూన్ అనే అక్కడి అడవి జంతువో అయినా సంగతి వేరు. అంతకు ముందు టీకా పడనివారికి ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో (రేబిస్‌ను అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల మందుతో) పాటు 0, 3, 7, 14 రోజుల్లో నాలుగు డోసులు వేస్తారు, ఆ బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. ఇదివరకే పూర్తిగా టీకా వేయించుకున్నట్టు కాగితం ఉన్నవారికి రెండు డోసులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కరలేదు. అందువల్ల అమలాపురంలోనో రాజోలులోనో ఎప్పుడైనా కుక్క కాటుకు ఇంజెక్షన్లు వేయించుకుని ఉంటే, ఆ చీటీని పాస్‌పోర్టుతో పాటు పట్టుకెళ్లండి. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిపించుకున్న పాతకాలపు వైద్యం మాత్రం ఈ లెక్కలోకి రాదు.

ఇంట్లో ఆడవాళ్లు చేసే మొదటి పని నెత్తురు మరకైన బట్టను నానబెట్టడం. దయచేసి ఉతకనివ్వకండి, చిరిగిన బట్ట, గాయం తాలూకు ఫోటోలు, యజమాని పేరూ చిరునామా, చూసినవాళ్ల ఫోను నంబర్లు, యానిమల్ కంట్రోల్ నివేదిక, ఇవన్నీ రేపు మీ తరఫున మాట్లాడే సాక్షులు. రెండు మూడు రోజుల్లో అవతలి బీమా కంపెనీ అడ్జస్టరు, అంటే క్లెయిములు పరిశీలించి తేల్చే ఉద్యోగి, ఎంతో మృదువుగా ఫోను చేసి, మాట్లాడేది రికార్డు చేసుకుంటామని అడుగుతాడు. అవతలి పక్షం బీమాకు అలా రికార్డు ఇవ్వవలసిన బాధ్యత మీకు లేదు. మన నాన్నగార్లు అలవాటు కొద్దీ “ఏం పర్లేదండీ, తగ్గిపోయిందండీ” అంటారు, ఆ రెండు ముక్కలూ ఫైలులోకి ఎక్కుతాయి. చెక్కుతో పాటు పంపిన విడుదల పత్రం (ఇక ఏమీ అడగబోమని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టాక, ఆరు నెలలకు మచ్చ ముదిరినా, నరం లాగినా మళ్లీ అడిగే హక్కు ఉండదు.

విజిటర్ వీసా మీద ఉన్నవారికి పరిహారం అడిగే హక్కు ఉందా అని అందరూ అడుగుతారు. ఉంది. కాలిఫోర్నియా ఎవిడెన్స్ కోడ్ 351.2 సెక్షన్ ప్రకారం, గాయాల పరిహారం కోసం వేసిన సివిల్ కేసులో మనిషి ఇమిగ్రేషన్ స్థితిని సాక్ష్యంగా తీసుకోరు, దాని గురించి ఆరా తీయనివ్వరు. వచ్చే సొమ్ము ప్రభుత్వ సహాయం కూడా కాదు. శరీరానికి తగిలిన గాయం కోసం వచ్చిన పరిహారం మీద అమెరికా ఆదాయపు పన్ను మామూలుగా పడదు. విజిటర్ ఇన్సూరెన్సు కంపెనీ తాను కట్టినది ఆ పరిహారంలో నుంచి తిరిగి అడగవచ్చు కనుక, పాలసీ కాగితం ముందుగా చదువుకోవాలి.

కాలిఫోర్నియాలో దావాకు గడువు కరిచిన రోజు నుంచి రెండేళ్లు. పోలీసు కుక్క వంటి ప్రభుత్వ జంతువైతే ఆరు నెలల్లోపే లిఖితపూర్వకంగా క్లెయిము పెట్టాలి. పిల్లలకు ఈ రెండేళ్లూ 18 నిండాక మొదలవుతాయి, వారి తరఫున రాజీకి కోర్టు ఆమోదం కావాలి. మొత్తం 12,500 డాలర్ల లోపుదైతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో లాయరు లేకుండా మీరే అడగవచ్చు. కుట్లు, మచ్చలు, నరాల దెబ్బ ఉంటే లాయరును పెట్టుకోవడమే మేలు. వీరు సాధారణంగా ముందు రుసుము అడగరు, గెలిస్తే పరిహారంలో మూడో వంతు, దావా వేయవలసి వస్తే 40 శాతం దాకా తీసుకుంటారు. జీతం లేని రైతుకు ఏం ఇస్తారు అనుకోవద్దు. వైద్యం ఖర్చుతో పాటు నొప్పికీ బాధకీ మచ్చకీ కూడా పరిహారం ఉంటుంది. ఊరికి తిరిగొచ్చాక జరిగే వైద్యం కూడా లెక్కలోకి వస్తుంది గాని, కాకినాడలోనో అమలాపురంలోనో డాక్టరు తెల్ల చీటీ మీద గీసిచ్చినది చాలదు. పేరూ తేదీ ముద్రా ఉన్న బిల్లు అడిగి తీసుకోండి.

ఇదంతా విన్న బాబాయిగారు, “మరి ఇక్కడ గట్టు మీద కుక్క కరిస్తే ఎవరిస్తారబ్బాయ్?” అని నవ్వారు. ప్రశ్న న్యాయమైనదే. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యం చేసిన యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గాని, 5,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. వీధికుక్కల కాటుకు ఒక్కో పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు ఇవ్వాలని పంజాబ్–హర్యానా హైకోర్టు 2023లో చెప్పింది గాని, ఆ తీర్పు మన వైపు అమలయ్యేది కాదు.

ఆ రాత్రే వాళ్లబ్బాయికి ఫోను చేయించాను. గడువు ఇంకా మిగిలే ఉంది. గాయమైన రోజు తీసిన ఫోటోలు అతని ఫోనులో తేదీతో సహా ఉన్నాయి. “నేనే కంగారు పెట్టానేమో” అన్న మాట మాత్రం ఆ పొరుగావిడ యానిమల్ కంట్రోల్‌కు చెప్పేసి ఉంటుంది, దానికి ఏం చేయాలో లాయరునే అడగమన్నాను. ఈలోగా పిన్నిగారు లోపలికి వెళ్లి, ట్రంకు పెట్టెలో నుంచి ఆ రోజు కట్టుకున్న పంచె తెచ్చి నా చేతిలో పెట్టారు. శుభ్రంగా ఉతికి, గంజి పెట్టి, కుక్క పళ్లు దిగిన చోట్ల నాలుగు రఫ్పులు చేయించి ఉంది.