గచ్చిబౌలి స్టేడియం హైదరాబాద్ ఎఫ్‌సీకి సొంత మైదానం ఎలా అయింది?

ఊరి నడిబొడ్డున ఎల్బీ స్టేడియం ఉండగా హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలికి వెళ్లి ఎందుకు ఆడింది, అసలు ఆ స్టేడియం చరిత్ర ఏమిటి అని అడిగారు. 2019లో అక్కడ జరిగిన మొదటి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ అనే ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌కి వెళ్లినవాణ్ణి, ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్లాను కాబట్టి చెబుతున్నాను.

మొదట తెలుసుకోవాల్సింది, అది ఫుట్‌బాల్ కోసం కట్టిన స్టేడియం కాదు. పేరే జీఎంసీ బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. 2002 చివర్లో నేషనల్ గేమ్స్, 2003లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్ హైదరాబాద్‌లో జరిగాయి. వాటి కోసం గచ్చిబౌలిలో ఈత కొలను, ఇండోర్ స్టేడియంతో పాటు దీన్నీ కట్టారు. దాదాపు 30,000 మంది పడతారు. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న గంటి మోహన చంద్ర బాలయోగి గారు 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. ఆ దుఃఖం ఇంకా పచ్చిగా ఉండగానే స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. మ్యాచ్‌కి వచ్చే కుర్రాళ్లు 'జీఎంసీ, జీఎంసీ' అంటుంటారు గానీ, అది కోనసీమ నుంచి వచ్చిన ఒక మనిషి ఇంటిపేరు, పేరు అని చాలామందికి తెలియదు. నా పక్కన కూర్చున్నవాళ్లకు నేనే రెండు మూడుసార్లు చెప్పాను.

అథ్లెటిక్స్ కోసం కట్టారు కాబట్టి పచ్చికకీ స్టాండ్స్‌కీ మధ్య రన్నింగ్ ట్రాక్ ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. గోల్ పోస్ట్ వెనక కూర్చుంటే అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతోందో సగం ఊహించుకోవాలి.

మరి హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి అసలు ఇల్లు ఏది అంటే ఫతే మైదానే. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు, అదే ఇప్పటి ఎల్బీ స్టేడియం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పాత ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన ఎస్.ఎ. రహీమ్ గారే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకానికి తీసుకెళ్లారు. ఆ జకార్తా జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టినవాడు. మాదీ సికింద్రాబాదే. మా నాన్న రహీమ్ సాబ్ పేరు ఎత్తితే ఇప్పటికీ కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. అలాంటి ఊళ్లో పెద్ద ఫుట్‌బాల్ చూడటానికి దశాబ్దాల పాటు పెద్దగా ఏమీ లేకుండా పోయింది.

2019 ఆగస్టులో పుణె సిటీ జట్టు మూతపడి, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. రెండు నెలల్లో సీజన్ మొదలు. బషీర్‌బాగ్ ట్రాఫిక్ మధ్య, పార్కింగ్‌కి చోటు లేని ఎల్బీ స్టేడియం కంటే గచ్చిబౌలే నయమని నా అభిప్రాయం. టీవీ బళ్లు నిలపాలన్నా, వేలమంది బయటికి రావాలన్నా అక్కడ స్థలం ఉంది.

మొదటి హోమ్ మ్యాచ్ 2019 నవంబర్ 2, శనివారం, కేరళ బ్లాస్టర్స్‌తో. అంతకుముందు బయట ఆడిన రెండూ ఓడిపోయాం, కోల్‌కతాలో అయితే 5-0. ఎంఎంటీఎస్‌లో లింగంపల్లి దాకా వెళ్లి, అక్కడ షేర్ ఆటో ఎక్కాను. ఆటోలో నేను తప్ప అందరూ మలయాళంలో మాట్లాడుకుంటున్నారు. లోపలికి వెళ్తే ఎటు చూసినా పసుపే. మనదీ పసుపు రంగే, బ్లాస్టర్స్‌దీ పసుపే! ఎవరు ఎవరి మనుషులో 34వ నిమిషం దాకా తెలియలేదు. బ్లాస్టర్స్ ఆటగాడు రాహుల్ కేపీ గోల్ కొట్టగానే మా స్టాండ్‌లో సగానికి పైగా లేచి అరిచారు. సొంత ఊళ్లో, సొంత మైదానంలో, మేం కొద్దిమందిమి కూర్చుని ఉండిపోయాం. ఆ నిమిషం నాకు నిజంగా కడుపులో తిప్పినట్టయింది.

సెకండాఫ్‌లో మన స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. 81వ నిమిషంలో మన మార్సెలినో ఫ్రీ కిక్. బంతి అడ్డంగా నిలబడ్డ ఆటగాళ్ల గోడను దాటి వల వెనక్కి తగిలి, వల ఒక్కసారి ఉబ్బింది. నా ముందు వరసలో నాంపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, ముక్కూ మొహం తెలియని నన్ను గట్టిగా పట్టుకున్నారు. 2-1. ఆ సీజన్ మొత్తం మీద సొంత మైదానంలో గెలిచింది అదొక్కటే, లీగ్‌లో అందరికంటే కింద మిగిలాం. అయినా ఆ స్టేడియం 'మనది' అనిపించింది ఆ రాత్రే.

ఆ తర్వాత కోవిడ్. రెండు సీజన్లు మ్యాచ్‌లన్నీ గోవాలోనే. గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలోని స్పోర్ట్స్ టవర్‌ని 2020లో టిమ్స్ అనే కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. మేం చప్పట్లు కొట్టిన చోటికి అంబులెన్సులు వచ్చాయి. మన జట్టు గోవాలో ఆడిన మైదానాల్లో ఒకటి బంబోలిమ్‌లోని జీఎంసీ అథ్లెటిక్ స్టేడియం. అక్కడ జీఎంసీ అంటే గోవా మెడికల్ కాలేజీ. టీవీలో ఆ పేరు కనబడ్డప్పుడల్లా మనసు చివుక్కుమనేది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్, మళ్లీ కేరళే, మళ్లీ మొదటి గోల్ రాహుల్ కేపీదే. మన సాహిల్ తవోరా చివర్లో సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనకొచ్చింది. కానీ ఆ కప్పు గెలిచిన సీజన్‌లో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. ఈ స్టేడియం చరిత్రలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

2022 అక్టోబర్‌లో జట్టు తిరిగొచ్చినప్పుడు బెంగళూరుతో మ్యాచ్‌కి నాన్నను తీసుకెళ్లాను. చివర్లో ఒగ్బెచే గోల్‌తో 1-0 గెలిచాం. ఆయన ఫతే మైదాన్‌లో గీత పక్కన నిలబడి ఆట చూసిన మనిషి. అరగంట చూసి, "ఆట బాగుంది గానీ, బంతి తన్నిన చప్పుడు వినిపించట్లేదురా" అన్నారు. ట్రాక్ గురించి నేను ఇంతసేపు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు.

ఆ తర్వాతి కథ చకచకా ముగిసిపోయింది. డబ్బు ఇబ్బందులు వచ్చాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మనకు కప్పు గెలిపించిన కోచ్ మనోలో మార్కెజ్ 2024లో భారత జట్టు కోచ్‌గా తన మొదటి మ్యాచ్‌ని మారిషస్‌తో గచ్చిబౌలిలోనే ఆడించారు, 0-0. అదే ఏడాది నవంబర్‌లో మలేసియాతో 1-1 అయింది. 2025లో ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది.

మీరు వెళ్లి చూడాలనుకుంటే పాత ముంబై హైవే మీదే ఉంటుంది. లోపలికి వెళ్లే వీలుంటే మెయిన్ స్టాండ్‌లో సెంటర్ లైన్‌కి ఎదురుగా, బాగా పైన కూర్చోండి. ట్రాక్ ఉన్నా మైదానం మొత్తం కనబడేది అక్కడి నుంచే.