ఓడిపోయాక ఆ ఇంటి అరుగు చూడండి

"ఒకసారి ఓడిపోతే ఎమ్మెల్యే రాజకీయ జీవితం ముగిసినట్టేనా?" అని అడిగారు. ముగియదు. గాలి వీస్తే ఎవరైనా గెలుస్తారు. ఓడిపోయాక కూడా ఆ ఇంటికి జనం వస్తున్నారా లేదా అన్నది చూడాలి.

మాది వరంగల్ జిల్లాలో ఒక పల్లె. కొన్నేళ్ల కింద మా నాన్నకు గుండె ఆపరేషన్ అన్నారు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో ఖర్చు ఎస్టిమేట్ రాసిచ్చారు. సీఎం సహాయనిధి నుంచి ఎల్ఓసీ, అంటే ఆ ఖర్చు సర్కారు కడుతుందని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం, రావాలంటే ఎమ్మెల్యే లెటర్ కావాలి. మూడు రోజులు పొద్దున్నే ఆరింటికి క్యాంపు ఆఫీసు ముందు నిలబడ్డాను. పీఏ కాగితం చూడకుండానే "మీ ఊళ్లో ఎవరు పంపిండ్రు?" అని అడిగేవాడు. ఆ టెన్షన్‌లో నాకు తిండి కూడా సయించలేదు.

నాలుగో రోజు మా చిన్నాయన నన్ను మాజీ ఎమ్మెల్యే ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన ఓడి అప్పటికి రెండేళ్లు. బనీనుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని కాగితాలన్నీ ఒక్కొక్కటే చదివాడు. "బిడ్డా, ఆధార్‌ల పేరొక తీరు, ఎస్టిమేట్‌ల ఇంకో తీరున్నది. ఇట్లనే పంపితే ఫైలు వాపస్ వస్తది. ముందు దవాఖానల ఇది సరిచేయించుకో" అన్నాడు. నాలుగు రోజుల్లో ఆ సంగతి చెప్పింది ఆయనొక్కడే. తర్వాత తనకు తెలిసిన ఎమ్మెల్సీకి ఫోన్ చేసి లెటర్ ఇప్పించాడు. వారంలో ఎల్ఓసీ వచ్చింది.

మాకు పక్కనే ఉన్న ములుగు చూడండి. సీతక్క 2009లో గెలిచారు, 2014లో ఓడారు, 2018లో మళ్లీ గెలిచారు. 2020 లాక్‌డౌన్‌లో సరుకులు తీసుకుని గూడేలకు నడిచి వెళ్లారు. 2023లో మళ్లీ గెలిచి మంత్రి అయ్యారు. ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య గారు 1983 నుంచి వరుసగా మూడుసార్లు గెలిచారు, 1994లో ఓడిపోయారు, మళ్లీ 1999లో, 2004లో గెలిచారు. ఎమ్మెల్యేగా ఉండి ఆర్టీసీ బస్సులో తిరిగిన మనిషిని జనం అంత తొందరగా మరవరు.

గెలిచినవాళ్లలో కొందరి తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. మా పక్కింటి అమ్మాయి పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి పథకం చెక్కు వచ్చి కూడా నెల రోజులు ఆగింది. ఎందుకంటే ఎమ్మెల్యే సారుకు పంచడానికి టైం దొరకలేదట! 1,00,116 రూపాయల కోసం వాళ్ల నాన్న మిత్తికి అప్పు తెచ్చాడు. ఫ్లెక్సీలకు, కాన్వాయ్‌కు టైం ఉంటుంది గానీ చెక్కు ఇవ్వడానికి ఉండదా?

ఇంకో మాట. మాకు సాయం చేసిన ఆయనకు ఆ తర్వాత ఎన్నికల్లో పార్టీ టికెట్ ఇవ్వలేదు. పార్టీ అభ్యర్థి అని రాసిచ్చే బీ ఫారం పైసలున్న కొత్తాయనకు పోయింది. నాకది ఇప్పటికీ మింగుడుపడదు. మా నాన్న బాగానే ఉన్నాడు, వరంగల్ పోయినప్పుడల్లా ఆయన్ను చూసి వస్తాడు. మొన్న వెళ్లినప్పుడు కూడా అరుగు మీద ఆరేడుగురు కాగితాలు పట్టుకుని కూర్చున్నారట.