పెంపుడు బల్లికి రోజూ పాలకూర పెడుతున్నాం... వేళ్లు వణుకుతున్నాయెందుకు?

ప్రశ్న: మేం అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాం. తొమ్మిదేళ్ల మా అబ్బాయి కుక్కపిల్ల కావాలని పేచీ పెడితే, అపార్ట్‌మెంట్‌లో కుదరదని బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లిని కొనిచ్చాం. దానికి ఇప్పుడు ఐదు నెలలు. రోజూ పాలకూర, మీల్‌వర్మ్స్ అనే పురుగులు పెడుతున్నాం. ఒక్కోసారి పెరుగన్నం కూడా తింటుంది. ఎండ తగలాలని దాని గాజు తొట్టెను కిటికీ పక్కన పెట్టాం. పది రోజులుగా దాని వేళ్లు వణుకుతున్నాయి, మునుపటిలా చురుగ్గా పాకడం లేదు. మాకు ఏడు నెలల పాప కూడా ఉంది. వచ్చే నెల విజయవాడ నుంచి మా అత్తయ్యగారు వస్తున్నారు. బల్లి విషమని, వంటింటి ఛాయలకు రానివ్వొద్దని ఫోన్‌లో ఒకటే టెన్షన్ పడుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ వణుకు సంగతి చూద్దాం. తిండి సంగతి రేపు మార్చుకున్నా ఫర్వాలేదు కానీ, ఇది ఆగేది కాదు. ఎదిగే వయసులో ఉన్న బల్లికి వేళ్లు వణుకుతుంటే పశువైద్యులం మొదట అనుమానించేది కాల్షియం లోపాన్నే. రక్తంలో కాల్షియం చాలకపోతే శరీరం దాన్ని ఎముకల్లోంచి లాగేసుకుంటుంది. మెల్లగా దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి, చిన్న ఎత్తు నుంచి పడినా ఎముక విరుగుతుంది. ఇంకా ముదిరితే ఫిట్స్ వస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే సరీసృపాలను చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ వాళ్లు వీటిని ఎక్సాటిక్ వెట్స్ అంటారు. కుక్కలూ పిల్లులూ మాత్రమే చూసే క్లినిక్‌కు వెళ్తే రోజు వృథా అవుతుంది. ఈలోగా ఇంట్లో ఉన్న కాల్షియం సిరప్ అంచనాగా పోయకండి. తొట్టెలో ఎక్కి దూకే కొమ్మలు ఉంటే తీసేయండి.

ఇలా ఎందుకైందో మీ ఉత్తరంలోనే ఉంది. పాలకూర మనకు మంచిదే. దానిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. అప్పుడప్పుడూ నాలుగు ఆకులు తింటే ఏమీ కాదు, రోజూ అదే అయితే కష్టం. తోటకూర, చుక్కకూరదీ ఇదే వరస. మీల్‌వర్మ్స్‌లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. పైగా వాటి పెంకు గట్టిది, పిల్ల బల్లికి సరిగా అరగదు.

ఇక కిటికీ. ఇందులో మీ తప్పేం లేదు, చాలామంది ఇలాగే అనుకుంటారు. అద్దంలోంచి వెలుగూ వేడీ వస్తాయి కానీ బల్లికి కావాల్సిన యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు దాదాపు రావు. అవి లేకపోతే విటమిన్ డి3 తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటపట్టదు. అలాగని గాజు తొట్టెను నేరుగా ఎండలో పెట్టారా, డాలస్ వేసవిలో అది లోపలే ఉడికిపోతుంది. సరీసృపాల కోసం అమ్మే యూవీబీ ట్యూబ్ కొని పగటిపూట పది పన్నెండు గంటలు వెలిగించండి. బల్బు వెలుగుతూనే ఉన్నా యూవీబీ మాత్రం నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే కంపెనీ చెప్పిన గడువుకు మార్చాలి.

వేడి కూడా తిండిలో భాగమే. బల్లి ఒంట్లో మనలా సొంత వేడి పుట్టదు. తొట్టెలో ఒక మూల అది వెచ్చగా కాచుకునే చోటు 100 నుంచి 105 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, రెండో మూల చల్లగా ఉండాలి. వేడి చాలకపోతే తిన్నది పొట్టలోనే నిలిచిపోతుంది. లైట్లు ఆర్పే ముందు కనీసం గంటన్నర ఏమీ పెట్టకండి.

ఏం పెట్టాలంటే... కాలర్డ్ గ్రీన్స్ (క్యాబేజీ జాతి ఆకుకూర), ఆవ ఆకు, డాండెలైన్ ఆకులు, కాస్త గుమ్మడి తురుము. ఇవి రోజూ పొద్దున పెట్టొచ్చు. ఈ వయసులో పురుగులే ముఖ్యాహారం. దుకాణంలో క్రికెట్స్ అని అమ్మే కీచురాళ్లు మంచివి. రోజుకు రెండుసార్లు, పది పదిహేను నిమిషాల్లో ఎన్ని తింటే అన్ని. పురుగు సైజు బల్లి రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. పెట్టే ముందు రోజు ఆ పురుగులకూ మంచి ఆకులు మేపండి, తర్వాత భాస్వరం లేని కాల్షియం పొడి అద్దండి. డి3 కలిపిన పొడి ఎంత, ఎన్నాళ్లు అన్నది మీ వెట్ చెప్తారు. మిగిలిన కీచురాళ్లను రాత్రి తొట్టెలో వదిలేయొద్దు, నిద్రపోయే బల్లినే కొరుకుతాయి. ఏడాది దాటాక లెక్క తిరగబడుతుంది: ఆకులు ఎక్కువ, పురుగులు వారానికి రెండు మూడుసార్లు.

పెరుగన్నం ఇక వద్దు, పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి దానికి లేదు. అవకాడో అసలు పెట్టొద్దు. అన్నిటికంటే మీ అబ్బాయికి గట్టిగా చెప్పాల్సింది మిణుగురుల గురించి. అక్కడ వేసవి సాయంత్రాల్లో గడ్డి మీద ఎగురుతుంటాయి, పిల్లలు సరదాగా పట్టుకొస్తారు. ఒక్క మిణుగురు తిన్నా బియర్డెడ్ డ్రాగన్ చచ్చిపోవచ్చు. బయట పట్టిన మిగతా పురుగులూ వద్దు, వాటిమీద ఏ మందు కొట్టారో తెలియదు.

మీ అత్తయ్యగారి మాటకు వస్తాను. బల్లి పడిన సాంబారు కథలు వింటూ పెరిగినవాళ్లం కదా, ఆ భయం అంత తేలిగ్గా పోదు. మన గోడ బల్లిలో విషం లేదు. దాని పేగుల్లో విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది, అసలు సమస్య అదే. మీ బల్లి చూడ్డానికి ఎంత ఆరోగ్యంగా ఉన్నా దాని మలంలోనూ ఆ బ్యాక్టీరియా ఉండొచ్చు. కాబట్టి కారణం వేరైనా, వంటింటికి రానివ్వొద్దన్న ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు సరైంది. 2012-14 మధ్య పెంపుడు బియర్డెడ్ డ్రాగన్ల వల్ల అమెరికాలో 36 రాష్ట్రాల్లో 166 మందికి ఈ ఇన్ఫెక్షన్ సోకింది. వాళ్లలో సగానికి పైగా ఐదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలే. ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటిన పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో సరీసృపాలు వద్దని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. కొనకముందు నన్ను అడిగి ఉంటే నేనూ వద్దనేవాణ్ణి. మీ పాప కాస్త పెద్దదయ్యేదాకా ఏ స్నేహితుల ఇంట్లోనైనా ఉంచగలిగితే అదే మేలు.

కుదరదంటే, తలుపు వేసి ఉండే గదిలో పెట్టండి, పాప పాకే నేల మీద వదలకండి. తిండి గిన్నెలూ తొట్టే వంటింటి సింకులోనూ, పాపకు స్నానం చేయించే టబ్బులోనూ కడగొద్దు. విడిగా ఒక బకెట్ పెట్టి, ఆ నీళ్లు టాయిలెట్‌లో పోయండి. మీల్‌వర్మ్స్ డబ్బా పాలు, కూరలు పెట్టే ఫ్రిజ్‌లో ఉంటే ఈ రోజే తీసేయండి. మీ అబ్బాయి బల్లిని ముట్టుకున్న ప్రతిసారీ, పురుగుల డబ్బా తెరిచినా సరే, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. పాపకు సోకడానికి తను బల్లిని ముట్టుకోనక్కర్లేదు, అన్నయ్య చేతులు చాలు.

పాపకు జ్వరంతో విరేచనాలైతే, అందులో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇంట్లో బల్లి ఉందని ఆయన అడగకముందే మీరే చెప్పండి. చాలామంది తల్లిదండ్రులు ఆ మాట మర్చిపోతారు.