పిల్లల ఊపిరి, ఓడరేవు ధూళి

ప్రశ్న: మేము విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఉంటున్నాము. ఉదయం తుడిచిన కిటికీ మీద సాయంత్రానికల్లా నల్లటి పొడి పేరుకుంటోంది. చలికాలం వచ్చిందంటే ఏడేళ్ల మా బాబుకు రాత్రిళ్లు పిల్లికూతలు మొదలవుతాయి. డాక్టరు గారు ఇన్‌హేలర్ రాశారు కానీ, అలవాటైపోతుందన్న భయంతో బాబు కాస్త తేరుకోగానే మానిపిస్తున్నాము. ఇల్లు మారే స్తోమత లేదు. మేమేం చేయాలి?
— ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ముందుగా ఇన్‌హేలర్ సంగతి. అది వ్యసనంలా అలవాటయ్యే మందు కాదు. రోజూ వాడమన్న నివారణ మందును, దగ్గు తగ్గింది కదా అని మీ అంతట మీరే ఆపేస్తే, శ్వాసనాళాల్లో వాపు లోలోపల కొనసాగి, ధూళి ఎక్కువైన రోజున ఆయాసం ఒక్కసారిగా ముదరవచ్చు. తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరు గారినే అడగండి. ఇంట్లో పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. ఇల్లాలిగా మీరు చేయగలిగింది దాదాపు ఇంతే. మిగిలిన బాధ్యతను కూడా మీ ఒక్కరి నెత్తినే వేసుకోవడం న్యాయం కాదు.

కిటికీ మీద కనిపించే పొడిలో చాలా భాగం ముతక రేణువులే, అవి ఎక్కువగా ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపువి శ్వాసనాళాల్లోకి, 2.5 మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల అట్టడుగు దాకా వెళ్తాయి. శరీర బరువుతో పోల్చి చూస్తే పిల్లలు పెద్దల కన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, పైగా వారి ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. దక్షిణ కాలిఫోర్నియాలో వేర్వేరు కాలాల్లో పెరిగిన బడిపిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడి గాలి శుభ్రపడిన కొద్దీ పిల్లల ఊపిరితిత్తుల ఎదుగుదల మెరుగైందని, ఉబ్బసం ఉన్న పిల్లల్లోనూ ఆ మేలు కనిపించిందని తేలింది. గాలిని బాగుచేస్తే పిల్లలకు ఫలితం దక్కుతుందనడానికి ఇంతకన్నా ధైర్యమిచ్చే ఆధారం నాకు కనబడదు.

అందుకే ఈ పని బడి నుంచి మొదలుపెట్టండి. ప్రభుత్వ బడి అయితే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. ఏ రోజు ధూళి ఎక్కువగా ఉంది, గాలి ఎటు నుంచి వీచింది, ఆ రోజు ఎంతమంది పిల్లలు దగ్గు, ఆయాసంతో బడి మానారు అన్నవి పేర్లు లేకుండా ఒక పుస్తకంలో రాయించండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో కనిపించే వాయు నాణ్యత సూచీని కూడా పక్కనే నమోదు చేయండి. అయితే సూచీ 51 నుంచి 100 మధ్య ఉంటే ‘సంతృప్తికరం’ అంటారు. ఆ స్థాయిలోనూ సున్నితమైన శ్వాస ఉన్నవారికి కొద్దిపాటి ఇబ్బంది కలగవచ్చని ఆ సూచీయే ఒప్పుకుంటుంది. ‘సంతృప్తికరం’ అన్న మాట చూసి అధికారులు మీ ఫిర్యాదును కొట్టిపారేస్తే ఒప్పుకోకండి.

ఆ తరువాత, ఓడరేవులో బొగ్గు, ఖనిజం నిల్వచేసే యార్డులకు 1981 వాయు చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రాల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గుట్టలపై నీళ్లు చల్లడం, లారీలకు టార్పాలిన్ కప్పడం, చక్రాలు కడిగాకే రోడ్డెక్కనివ్వడం వంటి షరతుల్లో వేటిని రాశారో, వాటిలో ఏవి అమలవుతున్నాయో కమిటీ సభ్యులే స్వయంగా సరిపోల్చి, తీర్మానం చేసి, కలెక్టరుకు, మండలికి, ఓడరేవు యాజమాన్యానికి కలిపి ఇవ్వండి. ‘ధూళి ఎక్కువగా ఉంది’ అన్న అర్జీని పక్కన పెట్టడం తేలిక. ఫలానా షరతును ఫలానా తేదీల్లో ఉల్లంఘించారన్న అర్జీకి జవాబు చెప్పక తప్పదు. అప్పటికీ కదలిక లేకపోతే, పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చెన్నైలో ఉన్న దక్షిణ మండల ధర్మాసనం ఉంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ స్థలంలో రోజూ చెత్త తగలబెడుతున్నారు. ఎవరిని అడగాలి?

జవాబు: బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించి, మామూలుగా అయితే రూ.5,000, పెద్ద ఎత్తున కాలిస్తే రూ.25,000 జరిమానా విధించాలని ఆదేశించింది. తేదీ, సమయం కనిపించే ఫోటోలతో నగరపాలక సంస్థకు ఫిర్యాదు చేయండి, నలుగురైదుగురు నివాసులు విడివిడిగా చేస్తే మరీ మంచిది. తగలబెడుతున్నది పారిశుధ్య కార్మికులే అయితే వారిని నిలదీయవద్దు. చెత్త బండి సమయానికి రాకపోవడమే అసలు కారణమేమో విచారించి, ఆ బండి కోసం పట్టుబట్టండి.