ఆరో తరగతికి సైన్సు చెప్పబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్ములుకు మామయ్య ఆశీస్సులు.

జిల్లా పరిషత్ హైస్కూలులో చేరావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఆరు, ఏడు తరగతులకు సామాన్యశాస్త్రం, ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం నీకు ఇచ్చారట. సంతోషం. పిల్లలను అదుపులో పెట్టడం ఎలా మామయ్యా అని అడిగావు. అదుపు సంగతి తర్వాత చూద్దాం. వాళ్ల దగ్గర నువ్వు ఏ విషయంలో పట్టుబడతావో ముందు తేల్చుకో. నన్నడిగితే ఆ మూడు తరగతుల్లో సైన్సు టీచరు పట్టుబట్టాల్సింది ఒక్కదానికే: చూసింది చూసినట్టు చెప్పాలి, చూడనిది చూశానని రాయకూడదు. సిలబస్సు, మార్కులు, క్లాసులో నిశ్శబ్దం, అన్నీ దాని వెనకే.

మొదటి రోజు నిబంధనల చిట్టా బోర్డు మీద రాసి ఎక్కించుకోమనకు. ఆ పేజీని ఎవరూ మళ్లీ తిరగేయరు. ఇద్దరికి ఒకటి చొప్పున ఒంటిరెక్క మందారం చేతికి ఇవ్వు. చాలామంది ఉమ్మెత్త పువ్వు తెప్పిస్తారు. పెద్ద పువ్వు, భాగాలు బాగా కనిపిస్తాయి, నిజమే. కానీ అది విషపు మొక్క, ఆ వయసు పిల్లల వేళ్లు నోట్లోకి వెళ్లకుండా ఉండవు. మందారం చేతికిచ్చి, పుస్తకాలు మూయించి, కనిపించిన భాగాలన్నీ లెక్కపెట్టి రాయమను. పువ్వుకు నాలుగు వలయాలని కంఠతా వచ్చిన పిల్ల చటుక్కున నాలుగు అని రాసేసి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. వెనక బెంచీలో ఒకడు పువ్వును తలకిందులు చేసి, పచ్చ గిన్నె కింద సన్నటి ఆకుల్లాంటివి ఇంకో వరస ఉన్నాయి టీచర్ అంటాడు. ఉన్నాయి మరి. మందారానికి రక్షక పత్రాల కింద మరో చిన్న వరస ఉంటుంది. లోపల కేసరాలన్నీ కలిసి గొట్టంగా ఏర్పడతాయి, ఆ గొట్టంలోంచి కీలం బయటికి వచ్చి చివర ఐదుగా చీలి ఐదు బొట్లు పెట్టినట్టు ఉంటుంది. ఆ ఐదింటినీ ఎవరు లెక్కపెట్టారో వాళ్లను అందరి ముందూ మెచ్చుకో.

మర్నాడు ఎవరో ఒకరు ముద్దమందారం పట్టుకొస్తారు. అందులో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి, గొట్టం సరిగా దొరకదు. పుస్తకం తప్పా, పువ్వు తప్పా అని అడుగుతారు. ఆ రోజుకి పాఠం పక్కన పెట్టి పీరియడ్ మొత్తం ఆ ప్రశ్నకే ఇచ్చెయ్.

ఇక నోటుబుక్కు. గైడు చూసి జవాబులు ఎక్కించే పుస్తకం ఒకటి ఎలాగూ ఉంటుంది, దాన్ని నువ్వు ఆపలేవు. పరిశీలనలకు మాత్రం గీతలు లేని తెల్ల నోటుబుక్కు విడిగా పెట్టించు. కుడి పేజీలో తేదీ వేసి చూసింది రాయాలి. ఎడమ పేజీలో బొమ్మ, దాని కింద అలా ఎందుకు జరిగిందనుకుంటున్నారో రాయాలి. ఈ రెండూ కలగాపులగం చేస్తే ఊరుకోకు. "పళ్లెంలో నీటి మట్టం వేలెడు దిగింది" అన్నది కుడి పేజీ మాట, "నీరు ఆవిరైపోయింది" అన్నది ఎడమ పేజీ మాట. రబ్బరు వాడనివ్వకు. లెక్క తప్పితే ఒక్క గీత కొట్టి పక్కన రాయమను, మొదట ఏమనుకున్నారో నీకు కనిపించాలి. దిద్దేటప్పుడు అక్షరదోషాల జోలికి పోకు, ఆ పని చూడడానికి తెలుగు మాస్టారు ఉన్నారు.

భాష సంగతి అడుగుతావని తెలుసు. ఇప్పటి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు. తనిఖీకి వచ్చినవాళ్లు ఇంగ్లిషులోనే చెప్పించమంటారు. చెప్పించు, కాకపోతే ముందు తెలుగులో చెప్పనిచ్చి చెప్పించు. పసుపుపచ్చ పొడి వేలికి అంటిందని చూసి చెప్పిన పిల్లకు పోలెన్ అన్న మాట నేర్పడం ఎంతసేపు? ఆ మాట మాత్రమే నేర్చుకున్న పిల్లకు పొడి చూపించడమే కష్టం, తనకు తెలిసిపోయిందనుకుంటుంది.

నీకు నువ్వు పెట్టుకోవాల్సిన నియమం కూడా ఒకటి ఉంది. చేసి చూడని ప్రయోగం ఫలితం చెప్పకు. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించడం తెలుసు కదా. కొవ్వొత్తి ఆరుతుంది, నీరు గ్లాసులోకి ఎక్కుతుంది. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఖర్చయింది కాబట్టి నీరు ఐదో వంతు ఎక్కిందని చెప్పేసి బోర్డు తుడిచేస్తుంటారు. నువ్వు దగ్గర కూర్చుని చూడు. గ్లాసు దించేటప్పుడు వేడెక్కిన గాలి అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఉన్నంతసేపూ నీరు పెద్దగా కదలదు. ఆరగానే గబగబా పైకి లేస్తుంది, లోపల మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోవడమే దానికి ముఖ్య కారణం. ఒక కొవ్వొత్తి తీసి మూడు పెట్టి చూడు, నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. గ్లాసులో ఆక్సిజన్ ఏమీ పెరగలేదు కదా? ఈ మూడు కొవ్వొత్తుల మెలిక నువ్వు చెప్పకుండా, ఏడో తరగతి పిల్లల నోటి నుంచే రాబట్టగలిగితే ఆ సాయంత్రం నాకు ఫోను చెయ్యి.

ప్రయోగశాలలో మాత్రం బుజ్జగింపులు లేవు. ఏదీ రుచి చూడకూడదు. సీసా మూతి దగ్గర ముక్కు పెట్టకూడదు, చేత్తో విసురుకుని వాసన చూడాలి. ఆమ్లాన్ని నీటిలో కొంచెం కొంచెంగా పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. ఆ పని నువ్వే చెయ్యి, పిల్లలతో చేయించకు. జడ ముడి వేసుకోవాలి, చున్నీ వెనక్కి కట్టుకోవాలి. స్పిరిట్ దీపాన్ని ఊది ఆర్పకూడదు, మూత పెట్టాలి. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించకూడదు. గాజు పగిలితే వెంటనే చెప్పాలి. ఈ చివరిది అమలు కావాలంటే పగలగొట్టిన వాణ్ని నువ్వు తిట్టకూడదు. తిట్టావా, రెండో పరీక్షనాళిక ముక్కలు కిటికీ బయట గడ్డిలో తేలతాయి, ఎవరి కాలికో గుచ్చుకుంటాయి. స్టాక్ రిజిస్టరుకు భయపడి సామాను బీరువాలో పెట్టి తాళం వేసే స్కూళ్లు బోలెడు. పగిలింది పగిలినట్టు రాసి హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించుకో, సరిపోతుంది.

కొట్టడం గురించి చెప్పక్కర్లేదనుకుంటాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీ, గుంజీలు కూడా దండనే. పాతకాలం వాళ్లు నవ్వితే నవ్వనీ.

ఇంకొకటి గమనించు. జట్లు చేసి వదిలేస్తే మగపిల్లలు పరికరాలు పట్టుకుంటారు, ఆడపిల్లలు రికార్డు రాస్తారు, చివర్లో బల్లలు తుడిచేదీ వాళ్లే. వారం వారం పనులు మార్చి గోడకు అంటించు. మొదట్లో సణుగుతారు.

ప్రాజెక్టు పనికి ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో మార్కులు ఉన్నాయి కాబట్టి ఊళ్లో ఫ్యాన్సీ షాపువాడు థర్మకోల్ అగ్నిపర్వతాలు అమ్ముతాడు. వాటికి మార్కులు ఇవ్వనని ముందే చెప్పెయ్. ఖర్చు లేని పని ఇవ్వు. మీ ఊరు హైదరాబాదుకు దగ్గరే కాబట్టి ఇది బాగా కుదురుతుంది. స్కూలు ఆవరణలో మీటరు కర్ర నిటారుగా పాతి, వారానికి ఒకసారి మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో నీడ కొలిపించు. జూన్ నెలాఖరున నీడ పది సెంటీమీటర్లు ఉంటుంది, అదీ దక్షిణం వైపు. పిల్లలే కాదు, స్టాఫ్‌రూమ్‌లో కూడా నమ్మరు. తర్వాత తగ్గుతూ తగ్గుతూ ఆగస్టు 3 దరిదాపుల్లో ఒక మధ్యాహ్నం నీడే ఉండదు. ఆ వారం మబ్బులు పడితే చూడలేరు, అయినా ఆ తర్వాత నీడ ఉత్తరానికి తిరగడం అందరికీ కనిపిస్తుంది. డిసెంబరుకి ఎనభై సెంటీమీటర్లు దాటుతుంది. ఆరు నెలల కొలతలు పట్టికలో రాసుకున్న పిల్లకు ఉత్తరాయణం, దక్షిణాయనం ఎవరూ వివరించక్కర్లేదు.

ఇన్‌స్పైర్ మానక్‌కు పేర్లు పంపమని అడుగుతారు, బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అవార్డు అది. ఎంపికైన ఆలోచనకు పది వేల రూపాయలు ఇస్తారు. అందుకోసం నీ ఆలోచన పిల్లవాడి నోట్లో పెట్టకు. వాళ్ల ఇంట్లో, పొలంలో ఏది ఇబ్బందిగా ఉందో అడుగు, నీకు తోచనివి చెబుతారు.

గ్రహణం వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతుంది, నిజమే. అది పట్టుకుని పిల్లల నాయనమ్మల మీదికి యుద్ధానికి పోకు. గ్రహణం పట్టినప్పుడు అన్నం పాడవుతుందని ఒకరు అంటే, ఎలా తేల్చుకుందామని క్లాసును అడుగు. గ్రహణం రోజు ఒక గిన్నె, మామూలు రోజు ఒక గిన్నె, రెండింటికీ ఒకే బియ్యం, ఒకే మూత, అంతే సమయం. వీటిలో ఏవి సమానంగా ఉండాలో వాళ్లే వాదించుకుంటారు. ఆ వాదనే కావాలి నీకు. ఫలితం ఇంట్లో వాళ్లే చెప్పుకుంటారు.

టైంటేబుల్ ఇంకా ఖరారు కాలేదన్నావు కదా, వారానికి ఒకసారైనా రెండు పీరియడ్లు పక్కపక్కన వచ్చేలా హెడ్మాస్టరును ఇప్పుడే అడుగు. దసరా తర్వాత అడిగితే ఎవరూ కదల్చరు.

నా దగ్గర ఉన్న భూతద్దాలు మీ తమ్ముడి చేత పంపిస్తున్నాను. చేతికి ఇవ్వగానే ఎండలో కాగితం కాల్చాలని చూస్తారు. ఆపకు, వరండా ముందు నీ ఎదుటే, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని కాల్చనివ్వు. అద్దంలోంచి సూర్యుణ్ని చూడకూడదని మాత్రం చేతికి ఇవ్వకముందే గట్టిగా చెప్పు. సాయంత్రానికి లెక్కపెట్టుకుని తీసుకో, ఒకటి తగ్గుతుంది. రెండు రోజుల్లో అదే తిరిగొస్తుంది, కంగారు పడకు.

ఆశీస్సులతో,
మామయ్య