తుంటి గిన్నె చుట్టూ ఎముక పోతే మళ్లీ ఆపరేషన్ కుదురుతుందా?

కడప నుంచి ఒకరి ప్రశ్న: "నాన్నకు 15 ఏళ్ల కిందట తుంటి మార్పిడి చేశారు. ఇప్పుడు గిన్నె వదులైంది, చుట్టూ ఎముక బాగా పోయిందంటున్నారు. మళ్లీ చేయొచ్చా?"

చేయొచ్చు, కానీ మొదటిసారంత తేలిక కాదు. తొడ ఎముక గుండ్రటి తల కూర్చుని తిరిగే కృత్రిమ గిన్నెలోని ప్లాస్టిక్ ఏళ్ల తరబడి అరిగి సన్నని పొడి రాలుతుంది. దాన్ని మింగిన మన కణాలు వాపు పుట్టించి, చుట్టూ ఎముకను కరిగిస్తాయి.

కడప బండలు పరిచే మేస్త్రీని అడగండి, కింద నేల గుల్లగా ఉంటే బండ నిలవదంటాడు. ఇదీ అంతే. లోటు కొద్దిగా ఉంటే పెద్ద సైజు గిన్నెను స్క్రూలతో బిగిస్తారు. ఎక్కువుంటే టాంటలమ్ లోహపు ముక్కలతో ఖాళీ పూడుస్తారు. వాటి సన్నని రంధ్రాల్లోకి ఎముక పెరిగి పట్టుకుంటుంది. మరీ పోతే గిన్నె మీద లోహపు పంజరం, లేదంటే సీటీ స్కాన్ కొలతలతో ఆ మనిషికే చేయించిన ఇంప్లాంట్.

ముందు ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేలాలి: ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, అవసరమైతే కీలులోంచి నీరు తీసి పరీక్ష. ఇవి చేయకుండా ఆపరేషన్ తేదీ ఇస్తే నేనైతే ఒప్పుకోను. ఇన్ఫెక్షన్ ఉంటే తరచూ రెండు విడతల్లో చేస్తారు.

తర్వాత 6 నుంచి 12 వారాలు ఆ కాలిమీద పూర్తి బరువు మోపనివ్వకపోవచ్చు. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ ముందే పెట్టించండి. కీలు జారే ముప్పు మొదటిసారికన్నా ఎక్కువ. "ఇలాంటి రివిజన్లు (మళ్లీ చేసే మార్పిడులు) ఎన్ని చేశారు?" అని డాక్టర్‌ను మొహమాటపడకుండా అడగండి.