హోంకాయ్: స్టార్ రైల్‌లో కోకోలియా దగ్గర ఆగిపోయినవారికి సమాధానం

ఈ వంతులవారీ వీడియో గేమ్‌లో కోకోలియా అనే బాస్ శత్రువు చేతిలో ఐదుసార్లు ఓడిపోయానని, జట్టు స్థాయి తక్కువేమోనని మీరు అడిగారు. మీ జట్టు స్థాయి తక్కువ కాదు. తప్పు మూలకంతో (ప్రతి పాత్ర దాడికీ ఉండే అగ్ని, మంచు లాంటి రకం) కొడుతున్నారు. మీ జట్టులోని పాత్రల్లో మార్చ్ 7త్‌ది మంచు, డాన్ హెంగ్‌ది గాలి. కోకోలియా బలహీనతలు అగ్ని, మెరుపు, క్వాంటమ్.

1. ఆమె ప్రాణశక్తి పట్టీ పైన తెల్లటి గీత ఉంటుంది, దాని పైన బలహీనతలు చూపే చిన్న గుర్తులు. ఆ గుర్తుల మూలకంతో కొడితేనే గీత తగ్గుతుంది.

2. ఈ పోరులో మీ కథానాయక పాత్రకు అగ్ని శక్తి వస్తుంది. తోడుగా ఆస్టా (అగ్ని), సెర్వల్ (మెరుపు), వైద్యానికి నటాషా.

3. చాలామంది వదిలేసేది ఇదే: అల్టిమేట్‌కు (పాత్ర శక్తి నిండాక వాడే పెద్ద దాడి) మీ వంతు రానక్కరలేదు. ఎడమ అంచున వంతుల వరుస చూడండి. తర్వాతి వంతు కోకోలియాదై, గీత కొద్దిగానే మిగిలితే, వెంటనే సరైన మూలకపు అల్టిమేట్ నొక్కండి. గీత విరిగితే ఆమె వంతు వెనక్కి జరుగుతుంది. నిండగానే వాడేయకుండా ఆ క్షణానికి దాచండి. ఈ ఆట అందమంతా నాకు అక్కడే కనిపించింది!

4. జట్టంతా పంచుకునే నైపుణ్య పాయింట్లు గరిష్ఠంగా 5. మామూలు దెబ్బ ఒకటి ఇస్తుంది, నైపుణ్యం (పాత్ర ప్రత్యేక దాడి లేదా వైద్యం) ఒకటి తీసుకుంటుంది. నటాషాకు ఒకటి ఎప్పుడూ మిగల్చండి.

దీనికోసం డబ్బు పెట్టి కొత్త పాత్రలు తీయకండి, అవసరం లేదు.